గద్దర్: పాటనూ వివాదాన్నీ కలిపి విందాం

2025 జూన్ 14న మాదాపూర్ హైటెక్స్‌లో తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ప్రదానం చేసింది. 2024 సంవత్సరానికి ఉత్తమ చిత్రంగా ‘కల్కి 2898 ఏడీ’, ఉత్తమ నటుడిగా ‘పుష్ప 2’కు అల్లు అర్జున్, ఉత్తమ నటిగా ‘35 చిన్న కథ కాదు’కు నివేదా థామస్ ఎంపికయ్యారు. ఆ అవార్డుల పేరు గద్దర్ అవార్డులు. అంతకు ముందు తెలుగు సినిమాకు 1964 నుంచి నంది అవార్డులు ఉండేవి. ‘ఒరేయ్ రిక్షా’ సినిమాలో అన్నాచెల్లెళ్ల మీద రాసిన పాటకు వచ్చిన నందిని వద్దన్న మనిషి గద్దర్. సర్కారు బహుమతి నాకొద్దన్న ఆ మనిషి పేరే ఇవాళ సర్కారు బహుమతికి పెట్టారు. తెల్లాపూర్‌లో ఆయన విగ్రహానికి ప్రభుత్వం 2024లో అనుమతి ఇచ్చింది.

మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, కోకాపేట. ఈ వరసలో ఐటీ కంపెనీల్లో పనిచేసే కుర్రకారులో చాలామంది గద్దర్‌ను వేదిక మీద ఒక్కసారి కూడా చూసి ఉండరు. వాళ్లకు ఆయన అవార్డు పేరు, ఫోన్‌లో కనబడే ఒకటి రెండు వీడియోలు. మరోవైపు, ఆ పేరు వింటేనే మనసు కష్టపెట్టుకునే కుటుంబాలు తెలుగు రాష్ట్రాల్లో ఉన్నాయి. ఒకరికి ప్రజాయుద్ధనౌక, ఇంకొకరికి తుపాకీని పాడిన మనిషి. ఈ రెండు మాటలూ ఒకే మనిషి గురించినవే. ఆయన్ని గుర్తు చేసుకోవడమంటే ఈ రెంటినీ దగ్గర పెట్టుకుని వినడమే అని నా నమ్మకం. ఈరోజు ఆ ప్రయత్నం చేస్తాను.

ముందుగా ఒక అమెరికన్ సంగీతకారుడి గురించి చెప్పాలి. శుక్రవారం రాత్రి గచ్చిబౌలి పబ్బుల్లో గిటార్ బ్యాండు వాయించే రాక్ అండ్ రోల్‌కు పునాది వేసినవాళ్లలో ఒకరు చక్ బెర్రీ. 1926లో సెయింట్ లూయిస్‌లో పుట్టిన నల్లజాతి కళాకారుడు. 1955లో ‘మేబెలీన్’, 1958లో ‘జానీ బి. గూడ్’ పాటలతో కుర్రాళ్ల భాషను, వాళ్ల కార్లను, బళ్లను, ప్రేమలను పాటలోకి తెచ్చాడు. మోకాళ్లు వంచి గిటార్ పట్టుకుని వేదిక మీద బాతులా నడిచాడు. 1977లో నాసా వాయేజర్ నౌకల్లో పంపిన బంగారు రికార్డులో ‘జానీ బి. గూడ్’ కూడా ఉంది. 1986లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ తొలి జాబితాలోనే అతని పేరుంది. అదే చక్ బెర్రీ 1960ల మొదట్లో ఒక మైనర్ బాలికకు సంబంధించిన కేసులో జైలుకు వెళ్లాడు. 1979లో పన్ను ఎగవేత కేసులో మళ్లీ వెళ్లాడు. 1990లో చాలామంది మహిళలు అతని మీద కోర్టుకెక్కారు. 2017 మార్చిలో చనిపోయినప్పుడు పెద్ద పత్రికలన్నీ అతని పాటనూ రాశాయి, అతని నేరాన్నీ రాశాయి. ఒకటి రాయడం కోసం రెండోది దాచలేదు.

గద్దర్ చేతిలో గిటార్ లేదు. ఆయన మీద వచ్చిన ఆరోపణలు కూడా ఆ తరహావి కావు, అవి రాజకీయానికీ హింసకూ సంబంధించినవి. అయినా తెలుగునాట ఆ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూడదగ్గ సంగతి ఒకటుంది. అట్టడుగు జనం బాణీని తీసుకొచ్చి, ఒంటినే వాద్యంగా చేసి, పాట పాడే తీరునే మార్చేసి, ఒక తరం యువకులను ఊపేసి, అధికారంలో ఉన్నవాళ్లను భయపెట్టిన గాయకుడు మనకు ఒక్కడే. ఆయన తర్వాత తెలుగులో వేదిక మీద పాట పాడేవాళ్లు ఆయన వేసిన అడుగులను తప్పించుకోలేకపోయారు.

అసలు పేరు గుమ్మడి విఠల్‌రావు. మెదక్ జిల్లా తూప్రాన్‌లో దళిత కుటుంబంలో పుట్టాడు. తల్లి లచ్చుమమ్మ, తండ్రి శేషయ్య. జనవరి 31 ఆయన జయంతి. ఇంజనీరింగ్ చదువుకు హైదరాబాద్ వచ్చి 1969 తెలంగాణ ఉద్యమంలో తిరిగాడు, బుర్రకథ చెప్పాడు. ఆల్వాల్‌లో బి. నర్సింగరావు నడిపిన ఆర్ట్ లవర్స్ సంఘంలో చేరాడు. తొలినాళ్లలోనే రిక్షా తొక్కేవాడి మీద పాట కట్టాడు. 1913లో అమెరికాలో భారతీయులు స్థాపించిన గదర్ పార్టీ పేరును తన తొలి పాటల పుస్తకానికి పెట్టుకున్నాడు. పుస్తకం పేరే మనిషి పేరైపోయింది. 1972లో నక్సలైటు ఉద్యమ పాటల బృందం జన నాట్య మండలి ఏర్పడింది. ఉత్తరాంధ్ర నుంచి వంగపండు ప్రసాదరావు, తెలంగాణ నుంచి గద్దర్ దానికి రెండు గొంతులు. బతుకుతెరువుకు బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం చేస్తూ, సాయంత్రాలు, సెలవులు పాటకు ఇచ్చేవాడు. గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, నర్సింగరావు నిర్మాణంలో వచ్చిన ‘మా భూమి’లో సాయుధ పోరాట కాలంలో యాదగిరి రాసిన పాటను గద్దర్ పాడుతూ కనిపించాక, ఆ గొంతు సినిమా హాళ్లకూ చేరింది.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితుల మీద దాడి జరిగి మనుషులు చనిపోయారు. గద్దర్ ఊరూరా తిరిగి దాని మీద పాడాడు. పోలీసులు ఇంటి మీదికొచ్చాక అజ్ఞాతంలోకి వెళ్లిపోయాడు. ఐదేళ్ల దాకా బయట కనబడలేదు. ఆ ఐదేళ్లూ మనిషి కనబడకపోయినా పాట ఆగలేదు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎక్కించుకుని హాస్టల్ గదుల్లో, బీడీ కార్ఖానాల్లో, సింగరేణి క్వార్టర్లలో విన్నారు. 1990లో చెన్నారెడ్డి ప్రభుత్వం ఆంక్షలు సడలించినప్పుడు బయటికొచ్చి ఫిబ్రవరి 20న నిజాం కాలేజీ మైదానంలో పాడాడు. మైదానం చాలక జనం రోడ్ల మీద నిలబడ్డారు.

ఆయన పాడుతుంటే చూడనివాళ్ల కోసం ఆ వేదికను కాస్త దగ్గరగా చూపిస్తాను. పెద్ద సెట్టింగు ఏమీ ఉండదు. ఒక మైకు, ఒక డప్పు, ఒక డోలక్, వంత పాడేవాళ్లు ఇద్దరు ముగ్గురు. మధ్యలో గద్దర్. ఒంటి మీద చొక్కా ఉండదు. మోకాళ్ల పైకి గోచి, భుజాన నల్ల గొంగడి, కాళ్లకు గజ్జెలు, చేతిలో ఎర్రగుడ్డ కట్టిన కర్ర. పాట సూటిగా మొదలుకాదు. ముందు దూరంగా ఉన్నవాణ్ని పిలిచినట్టు ఒక దీర్ఘం తీస్తాడు. అది సాగీ సాగీ ఆగినచోట డప్పు అందుకుంటుంది. నాలుగు చరణాలయ్యాక పాటను మధ్యలో ఆపేస్తాడు. జనంతో మాట్లాడతాడు. ముందు వరసలో కూర్చున్న ముసలమ్మను పలకరిస్తాడు. ధరల సంగతి అడుగుతాడు. పటేలు గొంతు పెడతాడు, వెంటనే జీతగాడి గొంతు పెడతాడు. గొంగడి నెత్తిన వేసుకుంటే తల్లి అవుతాడు, దాన్నే చేతుల్లోకి తీసుకుంటే బిడ్డ అవుతుంది, నడుముకు బిగిస్తే జీతగాడవుతాడు. జనం నవ్వుతున్నప్పుడే గొంతు దించి ఒక ఏడుపు బాణీ ఎత్తుకుంటాడు. నవ్వు ఆగిపోతుంది. అప్పుడు గజ్జె కదులుతుంది, దరువు పెరుగుతుంది, వంత పాడేవాళ్లు పల్లవి ఎత్తుకుంటారు, ఆ పల్లవిని జనం అందుకుంటారు.

ఇందులో ఏదీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆపి మాట్లాడడం బుర్రకథ నుంచి వచ్చింది. గొంతులు మార్చడం ఒగ్గు కథ నుంచి, చిందు భాగోతం నుంచి, వీధి భాగోతం నుంచి వచ్చింది. బాణీలైతే ఆడవాళ్ల దగ్గర నుంచి వచ్చాయి. నాటు వేసేటప్పుడు, దంచేటప్పుడు, బిడ్డను ఊపేటప్పుడు, చావింట్లో పేరు పెట్టి పిలిచి ఏడ్చేటప్పుడు ఆడవాళ్లు పాడే బాణీలను ఆయన చెవిన పట్టుకున్నాడు. సిరిమల్లె చెట్టుకింద కూర్చున్న లచ్చుమమ్మ మీద ఆయన కట్టిన పాట వినండి. అందులో ఉపన్యాసం లేదు. ఒక మనిషిని ఇంకొక మనిషి ఊరిలో అడిగినట్టే యోగక్షేమం అడుగుతాడు. ఆ అడగడంలోనే ఆమె బతుకంతా బయటికొస్తుంది. తన తల్లి పేరునే పాటలో పెట్టుకున్నాడు. అంతకు ముందు విప్లవ గేయాలు లేక కాదు, అవి ఎక్కువగా చదువుకున్నవాళ్ల పుస్తక భాషలో ఉండేవి. గద్దర్ తెలంగాణ పల్లె మాటను, అందులోనూ మాల మాదిగ వాడల మాటను, మార్చకుండా మైకు ముందుకు తెచ్చాడు. తర్వాత వచ్చిన గోరటి వెంకన్న, అందెశ్రీ తమ తమ దారుల్లో ఎంతో ఎత్తుకు వెళ్లారు. ఆ భాషకు వేదిక మీద పీట వేసినవాళ్లలో గద్దర్ ముందున్నాడు.

ఇక్కడే మొదటి ప్రశ్న ఉంది, పాట ఎవరిది అని. జన నాట్య మండలి పాటలు సమష్టిగా పుట్టాయి. బాణీ ఒకరిది, మాట ఒకరిది, ఊపు ఇంకొకరిది. ‘మా భూమి’లో పాడిన యాదగిరి పాటను నేటికీ గద్దర్ పాట అనేవాళ్లున్నారు. వంగపండు రాసినవి కూడా చాలాచోట్ల గద్దర్ పేరు మీదే తిరుగుతాయి. చక్ బెర్రీకి కూడా ఇలాంటి గొడవే వచ్చింది. అతనితో మొదటినుంచీ పియానో వాయించిన జానీ జాన్సన్, ఆ పాటల తయారీలో తన పాలూ ఉందని 2000లో కోర్టుకెక్కాడు. కాలం మించిపోయిందని కోర్టు కొట్టేసింది. మన దగ్గర అలాంటి కేసులు లేవు. పేరు అడగని మనుషులే ఎక్కువ. బాణీ ఇచ్చిన నాటుకూలి ఆడవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. గద్దర్ పేరు ఎంత పెద్దదయితే వాళ్ల పేర్లు వెతకాల్సిన బాధ్యత అంత పెరుగుతుంది.

ఇప్పుడు ఈ నగరం సంగతికొద్దాం. హైటెక్ సిటీలోని సైబర్ టవర్స్ కథ, గద్దర్ కథ ఒకే దశాబ్దంలో ఒకదాని పక్కన ఒకటి నడిచాయి. 1997 ఏప్రిల్ 6న ఆల్వాల్‌లోని ఇంట్లో గద్దర్ మీద కాల్పులు జరిగాయి. బతికాడు గానీ, ఒక తూటా ఆయన వెన్నులో చనిపోయేదాకా ఉండిపోయింది. ఆయన, పౌరహక్కుల సంఘాలు పోలీసుల వైపు వేలు చూపాయి. ప్రభుత్వం కాదంది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చారు. అదే ఏడాది ఆగస్టు 28న కరెంటు చార్జీల పెంపు మీద జరిగిన ఊరేగింపుపై బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. ఒకవైపు అద్దాల మేడలు, ఇంకొకవైపు పాలమూరు నుంచి వచ్చి ఆ మేడలకు తట్ట మోసిన కూలీలు. ప్రపంచ బ్యాంకు అప్పుల మీద, ఎండిన చెరువుల మీద, వలస బతుకుల మీద గద్దర్ పాడుతూ తిరిగిన రోజులవి. మనం ఇవాళ లిఫ్టుల్లో ఎక్కి దిగే ఈ భవనాల పునాదుల్లో ఎవరి చెమట ఉందో ఆ పాటలు చెప్పాయి. ఆ మాట నిజం, ఇవాళ్టికీ నిజం.

ఆ కథకు రెండోవైపు కూడా ఇక్కడే ఉంది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో నక్సలైట్లు మందుపాతర పేల్చారు. హైటెక్ సిటీని కట్టించిన ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ప్రాణాలతో బయటపడ్డారు. అంతకు ముందు 1999 ఏప్రిల్‌లో శాసనసభ మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావును పీపుల్స్‌వార్ నక్సలైట్లు కాల్చి చంపారు. ఆయన కొడుకు శ్రీధర్‌బాబు ఇవాళ తెలంగాణ ఐటీ మంత్రి. గద్దర్ పేరున అవార్డులు ఇస్తున్న ప్రభుత్వంలోనే ఆయన ఉన్నారు. ఆ హత్యతో గద్దర్‌కు సంబంధం ఉందని నేను అనడం లేదు, ఎవరూ అనలేదు. తండ్రిని పోగొట్టుకున్న కొడుకూ, ఆ ఉద్యమానికి గొంతు ఇచ్చిన గాయకుడి పేరూ ఒకే ప్రభుత్వంలో కలిసి ఉన్నాయంటే, ఈ నేల ఎంత బరువును మోస్తోందో ఆలోచించమంటున్నాను.

గద్దర్ మీద ఉన్న అతి పెద్ద ఆక్షేపణ ఇదే. ఆయన పాట విని అడవికి వెళ్లిన పిల్లలున్నారు. వాళ్లలో చాలామంది ఎన్‌కౌంటర్లలో చనిపోయి శవాలై వచ్చారు. ఆ ఎన్‌కౌంటర్లలో బూటకమైనవి ఎన్నో ఉన్నాయని పౌరహక్కుల సంఘాలు ఏళ్ల తరబడి చెప్పాయి. ఇంకొక పక్క మందుపాతరల్లో పోలీసు జవాన్లు చనిపోయారు. ఇన్‌ఫార్మర్ అనే ముద్రతో పల్లెల్లో పేదవాళ్లే చనిపోయారు. అన్ని పార్టీల కార్యకర్తలూ చనిపోయారు. గద్దర్ పాటల్లో అమరుడైన బిడ్డ కోసం ఏడ్చే తల్లి ఉంది. అవతలివైపు తల్లి ఏడుపుకు అంత చోటు దక్కలేదు. నేను ఆ పాటలను ప్రేమించేవాణ్ని. అయినా ఈ మాట అనకపోతే ఆ పాటలకే అన్యాయం చేసినవాణ్నవుతాను. కన్నతల్లి దుఃఖం ఎంత గొప్పగా పలికించగలడో చూపించిన గాయకుడు కాబట్టే, ఆ లోటు మరింత కనబడుతుంది.

2004లో ప్రభుత్వం నక్సలైట్లతో శాంతి చర్చలకు పిలిచింది. వరవరరావు, కల్యాణరావులతో పాటు గద్దర్ వాళ్ల తరఫున ప్రతినిధిగా నిలబడ్డాడు. అక్టోబరులో జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల సంస్థలో చర్చలు జరిగాయి. సైబర్ టవర్స్‌కు అది పెద్ద దూరమేమీ కాదు. అడవిలోంచి వచ్చిన నాయకులు ఈ నగరంలో బల్లకు అటువైపు కూర్చున్న ఆ నాలుగు రోజులూ రెండు వైపుల తల్లులకూ కాస్త ఊపిరాడింది. 2005లో అంతా తెగిపోయింది. తెలుగు చరిత్రలో ఎంతో ఆశ పెట్టుకున్న ఒక అవకాశం అలా చేజారింది. తుపాకీని పాడిన మనిషి మాటలు కలపడానికి కూడా వచ్చాడన్నది మరచిపోకూడదు.

ఆ తర్వాత గద్దర్ మారాడు. 2010లో తెలంగాణ ప్రజా ఫ్రంట్‌తో ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలోకి దిగాడు. 2011లో వచ్చిన ‘జై బోలో తెలంగాణ’ సినిమాలో పొద్దుపొడుపు మీద ఆయన పాడిన పాట ఉద్యమానికి ఊపిరి పోసింది. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు కూడా ఆ పాటను తమ పాట చేసుకున్నారు. 2012లో మావోయిస్టు పార్టీకి రాజీనామా చేసినట్టు ఆయన మరణానంతరం ఆ పార్టీ ప్రకటించింది. గుళ్లకు వెళ్లాడు, మొక్కాడు. అంబేడ్కర్ బొమ్మను చేతపట్టాడు, రాజ్యాంగం గురించి మాట్లాడాడు. ఎన్నికలను బహిష్కరించమని ఏళ్ల తరబడి పాడిన మనిషి 2018 డిసెంబరులో జీవితంలో మొదటిసారి ఓటు వేశాడు. 2023లో సొంత పార్టీ ప్రకటించాడు, ఖమ్మం సభలో రాహుల్‌గాంధీని హత్తుకున్నాడు. పాత సహచరులు ద్రోహం అన్నారు. పాత విరోధులు నమ్మలేదు. లిటిల్ రిచర్డ్ 1957లో రాక్ అండ్ రోల్‌ను వదిలి భక్తి పాటలకు వెళ్లినప్పుడు కూడా అభిమానులు ఇలాగే కలవరపడ్డారు. తన వయసుతో, తన అనుభవంతో, తన జబ్బుతో ఒక మనిషి మారతాడు. గద్దర్ మార్పులో అలసట ఉంది, వెతుకులాట ఉంది. అందులో లెక్కలు కూడా ఉన్నాయన్నవాళ్లున్నారు. ఏదైనా, అంత పెద్ద గొంతు చివరికి ఓటు దగ్గరికి వచ్చిందన్నది చిన్న సంగతి కాదు.

2023 ఆగస్టు 6న గద్దర్ హైదరాబాద్‌లో కన్నుమూశాడు. భౌతికకాయాన్ని ఎల్బీ స్టేడియంలో ఉంచారు. మర్నాడు తాను స్థాపించిన ఆల్వాల్ మహాబోధి విద్యాలయం ఆవరణలో బౌద్ధ పద్ధతిలో అంత్యక్రియలు జరిగాయి. ఆ రద్దీలోనే ‘సియాసత్’ పత్రిక మేనేజింగ్ ఎడిటర్ జహీరుద్దీన్ అలీఖాన్ ప్రాణాలు విడిచారు. ప్రభుత్వ లాంఛనాలు ఇవ్వడం పోలీసు అమరులను అవమానించడమేనని ఒక సంఘం నిరసన తెలిపింది. 2025 జనవరిలో పద్మ పురస్కారాల సమయంలో గొడవ మళ్లీ లేచింది. రాష్ట్ర ప్రభుత్వం గద్దర్‌కు పద్మ ఇవ్వాలంది, కేంద్ర మంత్రి బండి సంజయ్ నక్సలైట్ల చేతిలో చనిపోయిన కార్యకర్తలను గుర్తు చేసి ఇచ్చే ప్రసక్తే లేదన్నారు. రెండు వైపులా గట్టిగా మాట్లాడారు. పాట గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

నాకు బాధ కలిగించేది అదే. మనం గద్దర్‌కు పేరు ఇచ్చాం, బొమ్మ ఇచ్చాం, వేదిక ఇచ్చాం. ఆయన చేసిన పనిని శ్రద్ధగా వినే ఏర్పాటు చేశామా? వాయేజర్‌లో పాట పంపిన దేశం చక్ బెర్రీ రికార్డులను, వాయించినవాళ్ల పేర్లతో, తేదీలతో, స్టూడియో వివరాలతో సహా భద్రం చేసుకుంది. అందుకే అక్కడి వాళ్లు అతని గొప్పనూ తప్పునూ రుజువులతో మాట్లాడగలరు. మన దగ్గర 1980ల క్యాసెట్లు బూజు పట్టాయి. కొన్ని పోలీసు సోదాల్లో పోయాయి. ఏ పాట ఎప్పుడు పుట్టింది, ఎవరు వంత పాడారు, ఏ ఊరి బాణీ, తర్వాత ఏ చరణాన్ని మార్చారు అన్నది ఒకచోట రాసిపెట్టి లేదు. వినడానికి పాట లేనప్పుడు పొగడ్త కూడా గాలికే, తిట్టు కూడా గాలికే.

వింటున్న ఐటీ మిత్రులను ఒక్కటి అడుగుతాను. పాత శబ్దాన్ని శుభ్రం చేయడం, వర్గీకరించడం, వెతికితే దొరికేలా పెట్టడం మీకు రోజువారీ పని. తెలుగు విశ్వవిద్యాలయం, రాష్ట్ర సాంస్కృతిక శాఖ, మీ కంపెనీల్లోని తెలుగు సంఘాలు కలిస్తే జన నాట్య మండలి పాటలకు ఒక బహిరంగ భాండాగారం కట్టడం కష్టమేమీ కాదు. అందులో గద్దర్ గొంతుతో పాటు వంగపండు గొంతు ఉండాలి. వంత పాడినవాళ్ల, డప్పు కొట్టినవాళ్ల, బాణీ ఇచ్చిన ఊళ్ల పేర్లుండాలి. ఆ పాటల కాలంలో అడవిలో చనిపోయిన పిల్లల ఇళ్లలో వాళ్లు చెప్పే మాటలు, మందుపాతరల్లో చనిపోయిన జవాన్ల ఇళ్లలో వాళ్లు చెప్పే మాటలు, ఆ పక్కనే ఉండాలి. పాట ఒక గదిలో, గాయం ఇంకొక గదిలో పెట్టొద్దు. రేపటి పిల్లలు రెంటినీ విని తమ తీర్పు తామే చెప్పుకుంటారు.

ఇంట్లో పాత క్యాసెట్ ఉన్నవాళ్లు దాన్ని పారేయకండి. అట్ట మీద రాసిన పేర్లు చెరిగిపోకముందే కాగితం మీద ఎక్కించండి. ఆ సభలకు వెళ్లిన పెద్దవాళ్లు ఉంటే వాళ్లు ఏం విన్నారో, ఏం చూశారో, దేనికి ఏడ్చారో, దేనికి కోపం వచ్చిందో అడిగి ఫోన్‌లో రికార్డు చేయండి. ఆ పని మనం బతికుండగానే చేయాలి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.